రవ్వలు లేవని పొద్దు

తాత మాట్లాడింది ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్ళి మాట పొల్లుపోకుండా రాశాను. దగ్గులు తీసేశాను. నన్ను తిట్టినవి మాత్రం ఉంచాను, అవి లేకపోతే మాట్లాడింది మా తాతేనని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోట చివర, కంచె పక్కన బీడు. పొద్దున ఏడు కూడా కాలేదు. డెబ్బై అయిదు దాటిన మనిషి మోకాళ్ళ మీద వంగి గడ్డిలో ఏదో వెతుకుతున్నాడు.

– ఏం పడేసుకున్నావ్ తాతా? పళ్ళసెట్టా?

పళ్ళసెట్టు నోట్లోనే ఉందిలే. నీ నోటికే ఏదన్నా బిగించాలి, కాస్త అదుపులో ఉంటుంది. ఆ బండి చెట్టు నీడకి పెట్టు, తర్వాత సీటు కాలుద్ది. ఏయ్, అలా తొక్కుకుంటూ రాకు! గట్టు మీంచి రా. ఆఁ, ఇక్కడ కూర్చో, తువ్వాలు పరిచాను. మంచు తడి. నీ ప్యాంటు పాడైతే మీ అమ్మ నన్నంటుంది.

ఎండ రావాలి బుజ్జీ. అప్పటిదాకా మనం చేసేదేం లేదు. ఈ గడ్డిలో అవి ఉంటే ఇప్పుడు నిద్రలో ఉంటాయి. గడ్డిపరక కొసన తలకిందులుగా, రెక్కలు మూసుకుని. పక్కనే కూర్చున్నా కనపడవు. ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడితే గానీ లేవవు.

ఏవా? అదే చెబుతున్నా. రవ్వలు.

– ఉప్మా రవ్వా?

ఆఁ, ఉప్మా రవ్వే, గిన్నె తెచ్చావా మరి. ముక్కుపుడకలో రవ్వ ఉంటుందే, ఆ రవ్వ. సీతాకోకచిలుకలో ఒక రకం. చిటికెనవేలి గోరుంది చూడు, అంతే. దానికంటే చిన్న సీతాకోకచిలుకని నేను ఈ ఒంటిమీదికి ఇన్నేళ్ళొచ్చినా చూడలేదు. రవ్వ అన్న పేరు మీ అమ్మమ్మ పెట్టిందే. అసలు పేరేంటో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. నీ ఫోనుకి తెలుసేమో గానీ ఇప్పుడొద్దు. ఇప్పుడది నా మాటలు వింటోంది కదా, విననీ. ఒకసారి చెబితే మళ్ళీ చెప్పలేను.

రేపు మీ అమ్మమ్మ సంవత్సరీకం. ఇల్లంతా చుట్టాలు దిగుతారు, ఇక మాట్లాడటానికుండదు. అందుకే ఇవాళ నిన్ను లాక్కొచ్చాను. మీ అమ్మకి రైతుబజారుకని చెప్పాను. ఆఁ, అబద్ధమే. తిరిగెళ్ళేటప్పుడు నాలుగు వంకాయలు కొందాం, నిజమైపోద్ది. మన వీధిలోకి ఆకుకూరల గంప తెస్తుందే, ఆవిడది ఈ పక్క ఊరే. మొన్న తోటకూర కట్టలిస్తా, మాటల్లో మాటగా, "మా తోట పక్క బీట్లో గోరంత సీతాకోకచిలకలు లేస్తన్నయ్యి బాబాయ్, అడుగేస్తే చాలు" అంది. అంతే. నాకు అన్నం సయించలా.

ఇది ఎప్పటి మాటంటే, మీ అమ్మ ఒకటో తరగతి. తాలూకాలు పోయి మండలాలొచ్చాయే, ఆ ఏడు. కాదు కాదు, ఆ మరుసటేడు. ఎందుకంటే మొదటేడు పూత మాడిపోయింది, ఆ సంగతీ చెప్పాలి. మేం అప్పుడు ముసునూరు అవతల బాబుగారి మామిడితోటలో కాపలాకుండేవాళ్ళం. తోట మధ్యలో తాటాకు పాక. నేనూ, మీ అమ్మమ్మా, మీ అమ్మా, ఒక గేదె. చిన్నరసాలు, పెద్దరసాలు, చివర రెండు వరసలు కలెక్టరు కాయ. కూలెంతో చెప్పనా? వద్దులే, నవ్వుతావు. నువ్వు మొన్న తాగిన ఆ చల్లటి కాఫీ ఉందే, దాంతో మేం ముగ్గురం ఎన్నాళ్ళు తిన్నామో చెబితే నీకు ఆ కాఫీ అరగదు.

బాబుగారంటే పెద్ద వయసేం కాదు. నాకంటే చిన్న. వాళ్ళ నాన్నగారు పోతే తోట ఆయన చేతికొచ్చింది. మంచాయన. "వెంకటేశూ" అని పిలిచేవాడు. తోట గురించి నేనేం చెబితే అది. చెట్టు చూసి పూత ఎప్పుడొస్తుందో చెప్పేవాణ్ణి, పూత చూసి కాపెంతో చెప్పేవాణ్ణి. గర్వం కూడా ఉండేదిలే. ఉండదా మరి? చదువుకున్నాయన, చదువులేనివాణ్ణి అడిగి చేస్తుంటే.

తోట పల్లంలో ఓ మూల, చెట్లు సరిగా పెరగని నేల ఉండేది. ఇదుగో, ఇలాంటిదే. గడ్డి, గడ్డిలో నేలనంటి పాకే సన్నటి మొక్క. ఎర్రటి పూలు, ఆవగింజంతంత. ఆ మొక్కే రవ్వల ఇల్లు. మీ అమ్మమ్మ రోజూ గేదెకి గడ్డి అక్కడే కోసేది. మిగతా ఆడవాళ్ళు తెల్లారకముందే వచ్చి పై వరసల్లో కోసుకుపోయేవాళ్ళు, ఈవిడ మాత్రం కొడవలి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చునేది. రవ్వలు లేవాలట. అవి లేచేదాకా గడ్డి మీద కొడవలి పెట్టేది కాదు. "ఏం సుబ్బులమ్మా, వాటికి కాఫీలిచ్చి లేపుతావా?" అని ఏడిపించేవాళ్ళు. "నీ మొగుడికంటే ముందే లేస్తయ్‌లే, కూర్చో" అనేది ఈవిడ.

ఉత్త జాలి అనుకునేవు. జాలీ ఉంది, లెక్కా ఉంది. మంచు తడి గడ్డి మేస్తే గేదెకి కడుపు ఉబ్బుద్ది. రవ్వలు లేచాయంటే పరక కొస దాకా తడి ఆరినట్టు. అదీ ఆవిడ గడియారం. మాకు చేతి గడియారం ఎక్కడిదీ?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నన్ను ఆ బీట్లోకి తీసుకుపోయి బోర్లా పడుకోమంది. మొగుణ్ణి! "ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే" అంటే, "తాగి పడ్డాడనుకుంటార్లే, పడుకో" అంది. పడుకున్నా. ఆ పాకే మొక్క ఆకు కింద చూపించింది. వడ్లగింజలో సగం ఉంటుంది, పచ్చటి పురుగు, రవ్వ పిల్ల. ఆకు రంగే, ఆకులో కలిసిపోయింది. దాని చుట్టూ నాలుగైదు నల్లచీమలు. "పాపం, తినేస్తున్నాయే" అన్నాను. "తినటం కాదయ్యా, కాపలా. నువ్వు బాబుగారి తోటకున్నట్టు" అంది. చూస్తే నిజమే. ఒక చీమ మీసాలతో దాని వీపు మీద ఇలా ఇలా తట్టింది. తడితే, వెనకవైపు నుంచి సూదిమొనంత తేనెబొట్టు. చీమ అది తాగేసింది. అదీ వాటి జీతం. ఈ చీమలుంటే వేరే పురుగు దాని జోలికి రాదు. అలా పూలూ ఆకులూ తిని, ఆ మొక్క మీదే గూడు కట్టి, ఆ మొక్క మీదే రెక్కలొచ్చి, మళ్ళీ ఆ మొక్క మొగ్గ మీదే గుడ్డు పెడుతుంది. గుడ్డు నాకు కనపళ్ళా. ఆవిడకి కనపడేది. ఏం కళ్ళో తల్లీ అవి.

పైరెక్క చూస్తే ఏముండదు, మట్టిరంగు. ఎగిరేటప్పుడు దుమ్ము లేచినట్టుంటుంది. మోకాలి ఎత్తు కూడా లేవదు. కూర్చుని రెక్కలు మూస్తే అప్పుడు చూడాలి. బూడిదరంగు మీద చుక్కలు. కిందిరెక్క అంచున నాలుగు నల్లచుక్కలు వరసగా, చుట్టూ నారింజరంగు, మధ్యలో మెరుపు. నీలమంటే నీలం, పచ్చంటే పచ్చ. ముక్కుపుడక రాయిలాగే. మీ అమ్మమ్మకి ముక్కు కుట్టారు గానీ పుడక ఎప్పుడూ లేదు, వేపపుల్లే. "నాకు బీడంతా పుడకలే" అనేది.

నీకు విసుగ్గా ఉందా? లేదా? సరే. నీళ్ళ సీసా ఇటివ్వు.

ఆ. మొదటేడు పూత మాడిందన్నానా. పూతకి తేనెమంచు పురుగని ఒకటి పడుద్ది. బూడిదరంగు, గోధుమగింజంత. కొమ్మ కదిపితే పొగలా లేస్తుంది. పూత రసం పీల్చి జిగట వదుల్తుంది, ఆ జిగటకి చీమలు చేరతాయి, తర్వాత చెట్టంతా మసి. ఆ మొదటేడు బాబుగారు, "మందు కొట్టిద్దామా వెంకటేశూ?" అనడిగితే, నేను పెద్ద తెలిసినవాడిలా "ఇంకో నాలుగు రోజులు ఆగుదామండీ" అన్నాను. నాలుగు రోజుల్లో పోయింది. తోటంతా నల్లగా. ఆయన తిట్టలా. తిట్టినా బాగుండేది. "నీకు తెలుసనుకున్నానురా" అన్నాడు, అంతే. ఆ మాట ఏడాది పొడుగునా నా చెవిలో ఉండిపోయింది.

రెండో ఏడు ఇదుగో, ఇలాంటి మాఘమాసమే. పూత విరగబూసింది. బాబుగారు నూజివీడు నుంచి పవర్ స్ప్రేయరు తెప్పించాడు, ఒకరోజు పురుగుమందుల కొట్టాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పైవరసల్లో పురుగుంది, అది నిజమే, అక్కడ అప్పటికే వారంగా కొడుతున్నాం. అక్కణ్ణుంచి తోట చూసుకుంటూ పల్లంలోకి వచ్చారు. బాబుగారు బీట్లో అడుగు పెట్టాడో లేదో, ఫుర్రుమని కాళ్ళ దగ్గర బూడిద లేచినట్టు లేచాయి.

రవ్వలు.

కొట్టాయన గడ్డి విడదీసి చూశాడు. చీమలు. "చూశారా సార్, చీమలు. తేనెమంచు లేకపోతే చీమకి ఇక్కడేం పని? పురుగు చెట్టు దిగి గడ్డిలో చేరింది. పైన కొట్టి కింద వదిలేస్తే రేపు మళ్ళీ ఎక్కుద్ది" అన్నాడు. ఆయనదీ తప్పనలేను. చెట్టు తెలిసిన ఎవడైనా అదే అంటాడు. ఈ మామిడి ఊళ్ళలో చీమల్ని చూస్తే మాకు ముందు ఆ పురుగే గుర్తొస్తుంది.

బాబుగారు నా వైపు తిరిగాడు. "ఏరా వెంకటేశూ, పురుగేనా?"

నాకు తెలుసు బుజ్జీ. అవేంటో ఈ భూమ్మీద ఇద్దరికి తెలిస్తే అందులో ఒకణ్ణి నేను. బోర్లా పడుకుని చూసినవాణ్ణి. కాదండీ, మా ఆడదాని సీతాకోకచిలుకలండీ అంటే సరిపోయేది. నవ్వి పోయేవాళ్ళు. కానీ పోయినేడు మాట ఉంది కదా. కాదంటే, తర్వాత ఏదన్నా అయితే? పైగా ఆ కొట్టాయన ముందు, ఆడాళ్ళ కబుర్లు చెప్పడమేంటని సిగ్గు.

"అవునండీ" అన్నాను. "అదేనండీ" అని ఇంకో మాట కూడా కలిపాను.

సాయంత్రంలోపు నేనే కొట్టాను. గొట్టం నా చేతిలోనే ఉంది. గడ్డి తడిసిపోయేదాకా.

తోటలో ఒక పద్ధతుంది. మందు కొట్టిన చోట గడ్డి కోసే ఆడవాళ్ళకి ముందే చెప్పాలి, ఇన్ని రోజులు రావద్దని. చెట్లకి కొట్టేటప్పుడు పై వరసల వాళ్ళకి చెప్పాను. పల్లంలో కోసేది మీ అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ ఆ రోజు ముసునూరులో ఎవరికో పురుడైతే చూడ్డానికెళ్ళి పొద్దుగూకాక వచ్చింది. చెప్పాలి. చెబితే, "బీడుకి ఎందుకు కొట్టారు?" అంటుంది. "పురుగని" అంటాను. "ఎవరన్నారు?" అంటుంది. అక్కడ నా నోరు పడిపోయింది. "తలనొప్పిగా ఉంది, మందు వాసన" అని పడుకున్నా. పొద్దున్నే చెబుదాంలే అనుకున్నా. చూశావా, ఒక్క పూట. ఒక్క పూట ఆగుదామనుకున్నా.

పొద్దున్నే డ్రమ్ములు నింపాలని మోటారు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆవిడ అంట్లు తోముతోంది. వెళ్తా వెళ్తా నిలబడ్డాను కూడా. "ఏంటయ్యా?" అంది. "ఏం లేదు" అని వెళ్ళిపోయాను.

తర్వాత ఆవిడే చెప్పింది, ఒకసారి కాదు, ఆ ఏడంతా చెబుతూనే ఉంది. కొడవలి పట్టుకుని వెళ్ళి గట్టు మీద కూర్చుందంట. ఎండొచ్చింది. రవ్వలు లేవలా. మంచు ఎక్కువేమో అనుకుందంట. ఇంకాసేపు కూర్చుంది. లేవలా. తోటంతా వారం నుంచీ మందు వాసనే, ఎక్కడిదని తెలుస్తుంది? పొద్దెక్కిపోతోంది, గేదె అరుస్తోంది. చేత్తో పరక తడిమి చూసింది, ఆరే ఉంది. "ఇవాళ నాకంటే ముందే లేచి ఎటో పోయినయ్యేమోలే" అనుకుని కోసేసిందంట. అన్నాళ్ళుగా అవి లేవకుండా కొడవలి పెట్టని మనిషి. ఆ ఒక్క పొద్దూ పెట్టింది.

నేను మధ్యాహ్నం పాకకొచ్చేసరికి గేదె పడిపోయి ఉంది. నోటి వెంట నురగ, ఒళ్ళంతా వణుకు. నెలలు నిండిన చూడి గేదె తల్లీ. గంగ దాని పేరు. పెయ్యగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే, మీ అమ్మమ్మ వేలు చీకించి గంజి తాగించి పెంచింది. గాడిలో సగం మేసిన గడ్డి. ఆ ఎర్రపూలు కూడా ఉన్నాయందులో. సైకిలేసుకుని నూజివీడు తొక్కాను, పశువుల డాక్టరు కోసం. ఆయన పాపం చేస్తున్న పని ఆపి బండెక్కాడు. మేం వచ్చేసరికి మీ అమ్మమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీ అమ్మ పలుపు పట్టుకుని నిలబడింది, అది ఎక్కడికో పోతుందన్నట్టు.

...

అబ్బే, ఏం లేదు. కంట్లో దుమ్ము. నీ మొహం, మంచులో దుమ్మేంటని అడక్కు.

– నేనేం అనలేదు తాతా.

అవును, అనలా. ఇవాళ నువ్వు బుద్ధిగానే ఉన్నావు.

ఆ సాయంత్రమే బాబుగారి ఇంటికెళ్ళింది మీ అమ్మమ్మ. నేను వెనకాలే. గేటు దగ్గరే నిలబడింది, లోపలికి పోలా. అంత గొంతు ఆవిడకుందని నాకప్పటిదాకా తెలీదు. "ఏం బాబూ, మీ తోటలో గడ్డి కూడా పూత పూసిందా? గడ్డికేం కాయలు కాస్తయ్యని మందు కొట్టించావు? ఎవరు చెప్పారు నీకు గడ్డికి కొట్టమని?"

ఎవరు చెప్పారు. అదీ ఆవిడ అడిగింది.

బాబుగారు నావైపు ఒక్కసారి చూశాడు. నేను నేల చూశాను. నా కాళ్ళ వేళ్ళకి ఇంకా ఆ మందు పసుపు ఉంది. ఆయన అనొచ్చు, "నీ మొగుణ్ణడుగు" అని. అనలా. "ఎవరూ చెప్పలేదు సుబ్బులూ. నేనే కొట్టమన్నాను. తప్పు నాదే" అన్నాడు. మర్నాడు ఒక గేదె పడ్డని తోలించాడు, మంచి జాతి పడ్డ. ఈవిడ దాన్ని పలుపుతో సహా వెనక్కి తోలేసింది. వారం తిరక్కుండా పాక ఖాళీ చేసి ముసునూరు వచ్చేశాం. వరి కోతలకీ నాట్లకీ పోయి బతికాం. ఆ తర్వాత ఆ ఇంట గుక్కెడు మంచినీళ్ళు ముట్టలేదు. ఆ తోట కాయ ఎవరన్నా తెచ్చిపెట్టినా నోట పెట్టలా. మీ అమ్మ చిన్నపిల్ల, ఏడిచేది రసాలకి.

అప్పుడప్పుడూ బాబుగారు నూజివీడులో ఎదురుపడేవాడు. "సుబ్బులు బాగుందా?" అనేవాడు. కాస్త ఆగి, "చెప్పావా?" అనేవాడు. "లేదండీ" అనేవాణ్ణి. తలూపి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకి రెండో మాట అడగడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి ఆయనే పోయాడు. నేను వెళ్ళాను చూడ్డానికి. మీ అమ్మమ్మ రాలేదు. "ఆయన మొహం నేను చూడను" అంది. చూడకూడని మొహం రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఆవిడకేం తెలుసు.

చెప్పలేదంటే, ఒక్కసారి కూడా నోరు తెరవలేదని కాదు. తెరిచాను. ఏరువాకకి ఒకసారి, మీ అమ్మ పెళ్ళప్పుడు ఒకసారి. తెరిస్తే ఆవిడ "ఏంటయ్యా?" అనేది, ఆ రోజు అంట్ల దగ్గర అడిగినట్టే. నేను "ఏం లేదు" అనేవాణ్ణి.

ఆ బీడు ఏమైందంటావా? వానలకి గడ్డి మళ్ళీ వచ్చింది. పాకే మొక్కా వచ్చింది. చీమలు కూడా వచ్చాయి, కొన్నాళ్ళకి. నేను దొంగతనంగా వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. అన్నీ వచ్చాయి, అవి రాలేదు. పెద్ద సీతాకోకచిలుకలైతే ఏరు దాటి ఇంకో చోటికి పోతాయి. ఇవి పోలేవమ్మా. పుట్టిన మొక్క చుట్టూనే తిరిగి అక్కడే పోతాయి. నాలుగు గట్ల అవతల ఇంకో బీడుంటే, అక్కణ్ణుంచి ఏ గాలికో కొట్టుకొస్తే రావాలి. మధ్యలో అంతా మందు కొట్టే తోటలే, ఎట్లా వస్తాయి? తర్వాత ఆ పల్లం కూడా దున్ని అంటు మొక్కలు పెట్టారు.

మీ అమ్మమ్మ నడిచేటప్పుడు తల వంచుకుని నడిచేది, గుర్తుందా? నడుంనొప్పని మీరంతా అనుకున్నారు. నువ్వొకసారి "అమ్మమ్మా, చిల్లర ఏరుతున్నావా?" అన్నావు. చిల్లర కాదే. గట్ల మీద ఎర్రపూల మొక్క కనిపిస్తే ఆగేది, వంగి చూసేది. ప్రతి ఏడూ ఈ పూతకాలం రాగానే, "ఈ ఏడూ రవ్వలు కనపళ్ళేదయ్యా" అనేది. నాకు చెప్పేది. ఇంకెవరికీ కాదు, నాకే. ఎందుకంటే వాటిని చూసిన మనిషిని నేనొక్కణ్ణే కదా మిగిలింది. పోయినేడు మంచం మీద కూడా అడిగింది, "పూతొచ్చిందా? గట్ల మీద ఏమన్నా లేస్తన్నయ్యా?" అని. "నువ్వు లేచాక చూద్దాంలే" అన్నాను.

అదిగో. ఎండ. ఆ చెట్టు చివర తగిలింది చూడు. ఇక దిగుద్ది.

విను. రేపు ఫోటోకి దండ వేశాక, అందరూ భోజనాల్లో ఉన్నప్పుడు, నేను ఆవిడకి చెప్పేస్తాను. ఫోటోకైనా సరే. కానీ ఉత్త చేతుల్తో ఎట్లా చెప్పను? "నేనే చంపాను సుబ్బులూ" అన్నాక, వెంటనే ఇంకో మాట ఉండాలి. "కానీ ఉన్నాయి. ఆగిరిపల్లి పక్క బీట్లో ఉన్నాయి. చూసొచ్చాను" అనాలి. అందుకని వచ్చాం. నాకు కంటి ఆపరేషనయ్యాక దూరం బాగానే ఉంది గానీ దగ్గరవి అలుక్కుపోయినట్టుంటాయి. నువ్వే చూడాలి. కింది రెక్క అంచు. నారింజ, అందులో మెరుపు. ఇలాంటి పొట్టి సీతాకోకచిలుకలు గడ్డిలో వేరే రకాలూ ఉంటాయి. మెరుపుంటేనే రవ్వ. నువ్వు దేనికైనా ఆటపట్టిస్తావు, పళ్ళసెట్టంటావు, ఉప్మా అంటావు, పడతాను. ఈ ఒక్కదానికి మాత్రం ఆటలొద్దమ్మా.

లేచాయి! అదిగో, లేచాయి! చూడు, బూడిదలా... కూర్చోనీ. కదలకు. రెక్క మూసిందా? ఫోటో తియ్యి. తీశావా? పెద్దది చెయ్యి.

ఏం?

ఏం మాట్లాడవేంటి?

– లేదు తాతా.

ఏది లేదు?

– నారింజ లేదు. మెరుపు లేదు. ఉత్త బూడిదరంగు, చుక్కలు. పైరెక్క నీలంగా ఉంది.

ఇంకోటి చూడు. ఆ పక్కది.

– అదీ ఇంతే.

ఇంకోటి.

– తాతా... ఇవి అవి కావు.

...

సరే.

సరేలే. కూర్చో. ఎందుకలా నిలబడతావు? నువ్వేం చేశావని?

– ఉన్నాయని చెబుదామనుకున్నా తాతా. నోటిదాకా వచ్చింది.

తెలుసు. నువ్వు ఆగిన ఆ ఒక్క క్షణం నాకు వినపడింది. నేనూ ఆగాను, ఆ రోజు బాబుగారి ముందు. సరిగ్గా అంతే ఆగాను. ఆగి అటు తిరిగాను. నువ్వు ఇటు తిరిగావు.

ఇలా రా. తల ఇటు పెట్టు. నీకు డబ్బు రావాలనీ, చదువు రావాలనీ, అదంతా మీ అమ్మా వాళ్ళూ దీవిస్తారు. నేను దీవించేది ఒకటే. ఎవరడిగినా, ఎంత పెద్దవాడడిగినా, కానిదాన్ని ఇలాగే కాదనే నోరు నీకెప్పుడూ ఉండాలి. చల్లగా ఉండు తల్లీ. నూరేళ్ళూ చల్లగా ఉండు.

రేపు ఉత్త చేతుల్తోనే చెబుతాలే ఆవిడకి. ఏమంటుంది? మహా అయితే పలుపుతో సహా వెనక్కి తోలేస్తుంది.

ఏయ్, ఏడుస్తున్నావా? పళ్ళసెట్టేమన్నా పడేసుకున్నావా నువ్వు?

ఏదీ, చెయ్యి అందించు, మోకాలు పట్టేసింది... ఆగు. ఆ మూల చూడు, కంచె పక్క. ఇంకా నీడలోనే ఉంది. అక్కడ కూడా ఆ ఎర్రపూలు... అవి ఎర్రపూలేనా, చూడు. ఎండ అక్కడికి రావటానికి ఇంకో అరగంట పడుద్దేమో. నీకు పనేమన్నా ఉందా? లేదుగా. వంకాయలు ఎక్కడికీ పోవు. అయితే ఇంకాసేపు...